బిడ్డ ఎట్లున్నది?

పొద్దున ఏడింటికి ఫోన్ మోగేసరికి ఉదయలక్ష్మి పెనం మీద పెసరట్టు తిరగేస్తోంది. అట్లకాడ పక్కన పెట్టి, కొంగుకి చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసింది. రాధమ్మ.

చిన్న వయసులో గర్భవతులైన ఆడపిల్లలకి తోడుండే మహిళా సంఘం ఒకటి ఎల్బీనగర్‌లో ఉంది. రాధమ్మ అందులో పనిచేస్తుంది. పోచంపల్లిలో మగ్గాల మధ్య పెరిగిన మనిషి, యాభై దాటాయి. పరీక్షలకి వెంట వెళ్ళడం, నొప్పులప్పుడు చెయ్యి పట్టుకుని కూర్చోవడం, కాన్పయ్యాక నాలుగు వారాలు వచ్చి చూసుకోవడం ఆమె పని. మంగళ, శుక్రవారాలు ఇంటికొస్తుంది. మిగతా రోజులు ఫోన్ చేస్తుంది. నిజానికి ఆ ఫోన్ ఉదయలక్ష్మి కూతురు అరుణశ్రీకి రావాలి. కానీ కడుపు సంగతి బయటపడిన రోజునే తండ్రి వెంకటేశ్వరరావు ఆ పిల్ల ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"బిడ్డ ఎట్లున్నదమ్మా?"

"బాగానే ఉందండీ. తెల్లవారుజాము నుంచి తెగ తిరుగుతోంది."

"తిరగనియ్యమ్మా, మంచిదే. రేపు నేనొస్త."

ఉదయలక్ష్మి తృప్తిగా ఫోన్ పెట్టేసి అట్టు తీసింది.

అరుణశ్రీకి పద్దెనిమిది నిండి నాలుగు నెలలు. కోచింగ్‌లో పరిచయమైన కుర్రాడు కబురు తెలిసిన మర్నాడే నంబరు మార్చేశాడు. తల్లీకూతుళ్ళు అల్మాస్‌గూడలో ఎవరికీ తెలియని వీధిలో రెండు గదుల్లోకి మారి ఐదు నెలలైంది. వెంకటేశ్వరరావు మాత్రం దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాట్‌లోనే ఉంటూ, అమ్మాయిని గుంటూరులో కోచింగ్‌లో చేర్పించామని అందరికీ చెప్పాడు. వీధికో కోచింగ్ సెంటరున్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోచింగ్‌కి గుంటూరు వెళ్ళడమేమిటని ఎదురింటి ఇంద్రాణి నవ్విందట. ఆదివారాలు వచ్చేవాడు. కూరలు, మందులు బల్ల మీద పెట్టి, భార్యతో మాట్లాడి వెళ్ళిపోయేవాడు. కూతురితో ఒక్క మాటా లేదు. పుట్టగానే పిల్లని చట్టప్రకారం దత్తతకిచ్చేయాలన్నాడు. ఇచ్చే పిల్ల ఆరోగ్యంగా ఉండాలని ఆ ఇంట్లో పాలు, పళ్ళు, పరీక్షలు, భయాలు అన్నీ కడుపు కోసమే.

అరుణశ్రీ పెసరట్టు ముట్టలేదు. తల పగిలిపోతోందంది. కళ్ళ ముందు మిణుకు మిణుకుమంటోందంది. మొహం కూడా ఉబ్బినట్టుంది.

"అమ్మా, తలనొప్పొస్తే వెంటనే చెప్పమన్నారు రాధమ్మగారు. ఒకసారి ఫోన్ చెయ్యవా?"

"ఇప్పుడేగా మాట్లాడాను? బిడ్డ బాగా తిరుగుతోందని చెప్తే మంచిదేనంది. నువ్వు నిద్ర చాలక అలా ఉన్నావు. పడుకో."

నుదుటికి బామ్ రాసి, కిటికీ మూసింది. పదకొండింటికి గదిలో ఏదో పడిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే అరుణశ్రీ నేల మీద కొట్టుకుంటోంది. పళ్ళు గిట్టకరిచాయి, నోటి పక్క నెత్తురు.

ఉదయలక్ష్మి ఫోన్ చెయ్యగానే అంబులెన్సుని రాధమ్మే పంపించింది. తను ఆటోలో నేరుగా ఆసుపత్రికి వచ్చింది. రక్తపోటు బాగా పెరిగి ఫిట్స్ వచ్చాయన్నారు. ఆపరేషన్ చేసి పాపని తీశారు. పాప ఏడవలేదు. అరుణశ్రీని ఐసీయూలో పెట్టారు. తలనొప్పి మొదలైనప్పుడే తీసుకురావాల్సిందని డాక్టరమ్మ అంది.

వెంకటేశ్వరరావు వచ్చీరాగానే రాధమ్మ మీద పడ్డాడు. పొద్దున ఫోన్‌లో అంతా మంచిదేనని చెప్పింది మీరే కదా అన్నాడు. తోడట, ట్రైనింగట, కొంప ముంచారన్నాడు.

రాధమ్మ అతని వైపు తిరిగింది.

"నేనడిగింది మీ బిడ్డను సారూ. మా దిక్కు బిడ్డంటే కూతురు. కడుపుల ఉన్నదాన్ని పిల్ల అంట నేను. తిరుగుతున్నదంటే, నేను చెప్పినట్టు పొద్దుగాల ఇంట్ల నడుస్తున్నది గావచ్చు అనుకున్న. తల నొస్తున్నదా అని ఇంకొక్క మాట అడిగితే అయిపోతుండె. అడగకపోతిని. నా తప్పు గూడ ఉన్నది."

వెంకటేశ్వరరావు ఇంకేదో అనబోయాడు. ఉదయలక్ష్మి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆవిడ మన అమ్మాయి ఎలా ఉందని అడిగిందండీ." అంది. "రోజూ అదే అడిగింది. ఒక్క రోజు కూడా నాకలా తట్టలేదు. దాన్ని గురించి ఎవరైనా అడుగుతారని నాకు తోచనే లేదు. ఈ ఐదు నెలల్లో మీరడిగారా? నేనడిగానా?"

అతను వెళ్ళి ఐసీయూ తలుపు అద్దంలోంచి కూతుర్ని చూస్తూ నిలబడ్డాడు.

మూడో రోజు అరుణశ్రీని వార్డుకి మార్చారు. పాప లేదన్న మాట రాధమ్మే చెప్పింది. అరుణశ్రీ గోడవైపు తిరిగి పడుకుంది, ఏడవలేదు. సాయంత్రానికి పాలు పడ్డాయి. గౌను ముందంతా తడిసిపోతుంటే ఆ పిల్ల దుప్పటి గొంతుదాకా లాక్కుని, "అమ్మా, అందరూ చూస్తున్నారు" అంది.

"చూస్తే చూడనీ."

రాధమ్మ చెప్పినట్టు ఉదయలక్ష్మి చల్లటి తడిగుడ్డ మడిచి, గట్టిపడిన రొమ్ముల మీద మెల్లగా వేసింది. తడిసిన గౌను మార్చింది. ఆ చేత్తోనే కూతురి నుదుటి మీద జుట్టు సవరించి, "నీకెలా ఉందే?" అంది.

అరుణశ్రీ తల్లి మొహంలోకి చూసింది.

"నొప్పిగా ఉందమ్మా. దాన్ని ఒక్కసారైనా ఎత్తుకోలేదు."

వార్డు గుమ్మంలో నిలబడ్డ వెంకటేశ్వరరావు లోపలికొచ్చి మంచం చివర కూర్చున్నాడు. కూతురి పాదం మీద చెయ్యి వేసి ఉంచాడు. అప్పుడు అరుణశ్రీ బావురుమంది. పక్క మంచాల వాళ్ళు తిరిగి చూశారు. ఊరుకోమని ఆ పిల్లని ఎవరూ అనలేదు.