తంతి పాక

చీకటి పడ్డాక ఆ గట్టు మీద ఎవరూ నడిచేవారు కాదు.

బెజవాడలో ఏలూరు కాలువ రైలుకట్ట దాటాక ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపులో, తుమ్మచెట్ల వెనక, పొడుగాటి పెంకుల పాక ఒకటి ఉండేది. ఏదో కంపెనీ వాళ్ళు కట్టించారట. యుద్ధం రోజుల్లో తాళం పడింది. మళ్ళీ ఆ తాళం తీసినవాళ్ళు లేరు. అయినా రాత్రి పొద్దుపోయాక లోపలినుంచి చప్పుడు వచ్చేది.

టక్... టక్‌టక్. టక్... టక్‌టక్.

రైల్వేలో తీగ మీద కబుర్లు పంపే తంతి పని నేర్చుకునే కుర్రాడొకడు మూడోసారి కూడా పరీక్ష తప్పి, ఆ వంపు దగ్గరే కాలువలో పడ్డాడని చెప్పుకునేవారు. వాడి పేరు ఎవరికీ గుర్తులేదు. పరీక్ష మాత్రం అందరికీ గుర్తుంది. నిమిషానికి ఇరవై మాటలు, ఒక్క తప్పు లేకుండా మీట మీద కొట్టాలి. మూడే మూడు అవకాశాలు. చచ్చిపోయాక కూడా వాడు నాలుగో అవకాశానికి సాధన చేస్తూనే ఉన్నాడని జనం నమ్మారు. అట్లా దానికి తంతి పాక అని పేరు పడిపోయింది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, కార్తీకం వెళ్ళిపోతున్న రోజుల్లో, చౌడేశ్వరమ్మ పెడన నుంచి వచ్చి బెజవాడ స్టేషన్లో దిగింది. దీపాలవేళకే చేరాల్సిన బండి మూడు గంటలు ఆలస్యం. దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది.

ఆమె కొడుకు వీరభద్రయ్య చదివేది ఆ తంతి పరీక్షకే. రెండుసార్లు తప్పాడు. మూడోది ఎల్లుండి.

ప్రతి శుక్రవారం కార్డు రాసేవాడు. ఆమెకు చదువు రాదు, పోస్టు జవాను చదివి పెట్టేవాడు. మాటలు ఎప్పుడూ ఒకటే — నేను క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను. కానీ ఆఖరి కార్డు చేతికి రాగానే ఆమె గుండె జారిపోయింది. చదవడం రాకపోయినా చూపు ఉంది కదా! గీత గీసినట్టు సాగే వాడి రాత వరసలు ఆ కార్డులో తెగిన పోగుల్లా ఎగిరెగిరి పడ్డాయి. వాడి చెయ్యి వణుకుతోంది... ఆ తరవాత మూడు శుక్రవారాలు అసలు కార్డే లేదు.

పిల్లవాణ్ణి దూరాన పెట్టుకున్న తల్లికి మనసు ఎక్కడ నిలుస్తుంది? అన్నం ముందు కూర్చుంటే వాడు తిన్నాడో లేదో. దుప్పటి కప్పుకుంటే వాడికి చలేస్తోందో ఏమో. పైగా, ఈ చదువులోకి వాణ్ణి తోసింది తనే. ఎనిమిదేళ్ళ కింద మొగుడు వెంకటప్పయ్య దగ్గి దగ్గి పోయాడు. కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంటలో చెమ్మ పట్టి ఊపిరితిత్తులు పాడైపోయాయన్నారు. పదిరోజులు వెళ్ళగానే ఆమె కొడుకు చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకుంది. "మగ్గం గుంటలో కాలు పెట్టావా, నా శవాన్ని చూసినట్టే!" అని ఒట్టు వేయించుకుంది. అప్పటినుంచి ఊరివాళ్ళకు నూలు కండెలు చుట్టి వాణ్ణి చదివిస్తోంది.

స్టేషన్ బయట ఒక్క జట్కా మిగిలింది.

"ఏ ఊరమ్మా?" అన్నాడు జట్కా సుభాని.

"పెడన, నాయనా."

"పెడనా! నా పెళ్ళి లుంగీ మీ ఊరిదే. పెళ్ళాం నోరు ఒకటి, ఆ లుంగీ ఒకటి — ఇన్నేళ్ళయినా చిరగలేదు."

ఇంకెప్పుడైనా అయితే ఆమె నవ్వేదే. "కాలువ గట్టున, మా వాడు ఉండే సంపూర్ణమ్మగారి ఇంటికి పోవాలి," అంది.

సుభాని నవ్వు ఆగిపోయింది. "వంపు అవతలా?"

"ఏం?"

"ఏం లేదు, ఎక్కండి."

రైలుకట్ట దాటాక అతను గొంతు తగ్గించి పాక సంగతంతా చెప్పాడు. చెప్పడం పూర్తవుతుండగానే గుర్రం నిలబడిపోయింది. చెవులు నిక్కబొడుచుకుంది. అదిలించినా కదలదు.

"రోజూ ఇంతేనమ్మా. నాకేం భయం లేదు... దీనికే భయం," అని గుసగుసగా అన్నాడు. అతని చేతిలో కళ్ళెం గజగజ వణుకుతోంది.

తుమ్మచెట్ల వెనకనుంచి, సన్నగా —

టక్... టక్‌టక్.

"లెక్కపెట్టకండమ్మా. లెక్కపెట్టినవాళ్ళు మంచం పట్టారు." గొంతులో ఏదో ప్రార్థన గొణుక్కుంటూ గుర్రాన్ని ఒక్కటిచ్చాడు. జట్కా ఎగిరెగిరి పడుతూ వంపు దాటింది. ఆ కుదుపుల్లో ఆమెకు ఇంకేమీ వినపడలేదు. పరీక్ష తప్పిన బిడ్డ, కాలువ నీళ్ళు... ఇవే చెవుల్లో మోగాయి.

సంపూర్ణమ్మ తలుపు తీసి, ఎవరో తెలియగానే చేతులు పట్టుకుంది.

"మంచిపని చేశారమ్మా వచ్చి. నేనే కార్డు రాయిద్దామనుకున్నా. ఏమని రాయించేది? మీ వాడికి గాలి సోకిందని రాయించనా?"

"వాడెక్కడ?"

"తొమ్మిది కొట్టగానే వెళ్ళిపోతాడు. తెల్లవారుజామున వస్తాడు. ఎక్కడికంటే చదువుకోవడానికంటాడు. పుస్తకమేమో ఇదుగో, ఇక్కడే ఉంది! మొదట్లో అన్నం కలుపుకుంటుంటే ముద్ద నోటిదాకా పోయేది కాదమ్మా, అంత వణుకు ఆ చేతుల్లో. ఈమధ్య వణుకు తగ్గింది. నాకు అదే ఇంకా భయంగా ఉంది."

"ఎటు వెళ్తాడు?"

సంపూర్ణమ్మ వంపు వైపు చెయ్యి చూపించింది.

చౌడేశ్వరమ్మ వాకిట్లో ఉన్న లాంతరు అందుకుంది.

"ఇప్పుడా! పొద్దున్నే నలుగురిని పిలుచుకుని వెళ్దాం. ఇప్పుడొద్దు తల్లీ..."

"పొద్దుటిదాకా నేనెట్లా ఉంటానమ్మా?"

గట్టు మీద మనిషి అలికిడి లేదు. ఒకపక్క నల్లటి నీళ్ళు. ఎక్కడో దూరాన ఇంజను ఒకటి కూతేసి ఊరుకుంది. ఆమె దేవుళ్ళందరినీ తలుచుకుంటూ నడిచింది. తుమ్మముల్లు ఒకటి కాల్లో దిగింది. వంగి తీసుకునే ధైర్యం లేక అట్లాగే కుంటుకుంటూ పోయింది.

టక్... టక్‌టక్.

పది అడుగులు వేసింది.

టక్... టక్‌టక్.

ఆమె నిలబడిపోయింది.

అది తంతి కాదు.

రైల్వేవాళ్ళకు తంతిలాగే వినపడుతుంది, వాళ్ళు ఎరిగింది అదే కనక. నేత ఇంట్లో పుట్టి, నేత ఇంట్లో మెట్టిన మనిషికి వేరే చెప్పాలా? మొదటి టక్కు, పోగును మోసుకుపోయే నాడె అటువైపు పెట్టెకు తగిలిన చప్పుడు. తరవాతి రెండూ, నేతగాడు ముందుకు ఊపే పలక వచ్చి పోగును తట్టిన చప్పుడు. లోపల మగ్గం ఆడుతోంది!

ఒక్క క్షణం ఆమెకు ఊపిరి తేలికపడింది. మరుక్షణం ఒళ్ళంతా చల్లబడిపోయింది.

అందరూ పోగుకు ఒక్క దెబ్బే కొడతారు. రెండో దెబ్బ — మెల్లిగా, నిద్రపోయే పిల్లవాణ్ణి జోకొట్టినట్టు — అట్లా కొట్టేవాడు ఆమె ఎరిగినంతలో ఒక్కడే. వెంకటప్పయ్య.

తల ఎత్తి చూసింది. ఆకాశంలో చంద్రుడు లేడు. ఇవాళ అమావాస్య! అమావాస్యనాడు నేతగాడు మగ్గం ముట్టడు. ఇంట్లో గింజ లేకపోయినా ముట్టడు. ప్రాణమున్నవాడెవడూ ముట్టడు...

మరి లోపల ఎవరు?

కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి. కానీ కొడుకు ఇటే వచ్చాడు. రోజూ ఇటే వస్తున్నాడు. తండ్రి కొడుకును పిలుచుకుపోవడానికి వచ్చాడా? ఎల్లుండి మూడోసారి కూడా తప్పుతాడనా?

పాక గోడకు చేరగిలబడి, పెదవులు కదిలీ కదలకుండా అంది — "ఏమయ్యా... వాడు పసివాడు. వాణ్ణి వదిలెయ్యి. నన్ను తీసుకుపో..."

చప్పుడు ఆగిపోయింది.

నిశ్శబ్దం. కాలువ నీళ్ళు ఒడ్డును తాకుతున్నాయి. లోపల ఎవరో ఊపిరి బిగబట్టారు.

పక్క తలుపు చెక్క ఒకటి ఊడి వేలాడుతోంది. ఆమె దాన్ని తోసి, లాంతరు ఎత్తింది.

సగం మనిషి.

నడుం దాకానే ఉన్నాడు. నడుం కింద నేల. వంగిన ఆ భుజాలు, పక్కకు వాలిన ఆ మెడ — వెంకటప్పయ్యవే. ఆ మనిషి మెల్లిగా తల తిప్పాడు. ఆమెను చూశాడు. చూసి, వెర్రికేక పెట్టాడు.

"అమ్మా! నువ్వు... పోయావా?"

గుంటలోనుంచి ఎగిరి బయటికి దూకాడు వీరభద్రయ్య. గోడకు ఆనుకుపోయి చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా. ఒట్టు తప్పాను. నా వల్లే పోయావా అమ్మా? ఎప్పుడు పోయావు?"

ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

"పోలేదురా, నీ నోట్లో చక్కెర పొయ్యా! బందరు బండిలో వచ్చాను. చూడు, కాలికి ముల్లు కూడా దిగింది!"

వాడు దగ్గరికి వచ్చి ఆమె పాదం ముట్టుకుని చూశాడు. రక్తం వెచ్చగా తగిలింది. అక్కడే కూలబడి, ఆమె మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

"అమావాస్యనాడు మగ్గం ఎట్లా ముట్టావురా?"

"ఇవాళ అమావాస్యా?" వాడు నిజంగానే బిత్తరపోయాడు. "నాకు తిథీ వారం ఏమీ తెలియడం లేదమ్మా. పరీక్షకు ఇంకెన్ని రోజులో అదొక్కటే తెలుస్తోంది."

లాంతరు వెలుగులో ఆమె చుట్టూ చూసింది. ఆరు మగ్గాలు. నూలు దొరక్క వదిలేసి పోయినట్టున్నారు. అయిదింటికి బూజు వేలాడుతోంది. ఆరోదాని మీద పడుగు ఇంకా ఉంది. నేసిన గుడ్డ జానెడు. తడిమి చూస్తే పోగులు నూగెత్తి ఉన్నాయి. ఎన్నోసార్లు నేసి విప్పిన పోగులు.

"ఒక్క కండె నూలే ఉందమ్మా," అన్నాడు వాడు సిగ్గుపడుతూ. "రాత్రంతా నేస్తాను. తెల్లారేముందు విప్పేసి మళ్ళీ చుట్టుకుంటాను."

"ఎందుకురా ఇదంతా?"

"పరీక్షలో వెనక గడియారం పట్టుకుని నిలబడతారు. మీట మీద వేలు పెట్టగానే ఈ చెయ్యి నాది కాకుండా పోతుంది. ఒకటి కొట్టబోతే మూడు పడతాయి. ఇక్కడ కూర్చుంటే మళ్ళీ నాదవుతుంది. నాన్న పక్కన కూర్చుని పట్టుకున్నట్టుంటుంది." లాంతరు ముందు అరచెయ్యి చాపాడు. వణకలేదు. "నీకెట్లా చెప్పను? ఒట్టు ఉందిగా."

చౌడేశ్వరమ్మ ఆ చేతిని చూసింది. వాడు బతకాలని తను వేయించుకున్న ఒట్టే వాణ్ణి ఈ దెయ్యాల కొంపలోకి తరిమింది.

వాడి చెయ్యి తీసి మళ్ళీ తన తలమీద పెట్టుకుంది.

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. విన్నావా? నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు నెయ్యి. ఎల్లుండి పరీక్ష రాయి. పాసయితే సరే. తప్పితే రాత్రికల్లా బండెక్కి ఇంటికి రా. వేడివేడిగా అన్నం పెడతాను. అంతే, ఇంకేమీ అడగను."

వాడు తల ఊపాడు.

ఆమె కొంగుతో వాడి మొహం తుడిచింది. "సరే గానీ, రైల్వేవాళ్ళ పేటలో నీకు ఈ మగ్గాల సంగతి ఎవరు చెప్పార్రా? బెజవాడవాళ్ళకే తెలియదు కదా!"

వీరభద్రయ్య లాంతరు వత్తి వైపు చూస్తున్నాడు.

"భద్రయ్యా..."

"నేను మగ్గం కోసం రాలేదమ్మా."

"మరి?"

"రెండోసారి తప్పిన రాత్రి..." ఆగాడు. "కాలువ కోసం వచ్చాను."

ఆమె చెయ్యి వాడి భుజం మీద బిగుసుకుపోయింది.

"గట్టు దిగాను. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. అప్పుడు ఈ పాకలో ఎవరో నేస్తున్న చప్పుడు వినపడింది. మనవాళ్ళెవరో ఉన్నారనిపించింది. ఒక్కసారి చూసి పోదామని గట్టెక్కాను."

"ఎవరురా?"

"ఈ చెక్క లాగి చూశాను. మగ్గం నిండా బూజు. గుంటలో ఎవరూ లేరమ్మా..."

వాడు ఆరో మగ్గం వైపు చెయ్యి చూపించాడు.

"పలక మాత్రం ఇంకా ఊగుతోంది."