కీచు చెప్పులు

ఆ చెప్పులు ఏరి కోరి కొన్నది సుమంగళే. గులాబీ రంగువి, అడుగు వేస్తే కీచుమనేవి. రాయచూరు బజారులో షాపువాడు నవ్వాడు కూడా, ఇలాంటివి నడక నేర్చుకునే పసివాళ్లకు కొంటారు, ఆరేళ్ల పిల్లకెందుకని. వాడికేం తెలుసు? కిందటేడు జ్వరం వచ్చి తగ్గాక మేఘాకు నోట మాట పడిపోయింది. "అమ్మా" అని పిలవలేని పిల్ల ఎక్కడుందో తల్లికి తెలిసేదెట్లా? వంటింట్లో ఉన్నా, మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నా, కీచు... కీచు... అని చెవిన పడితే సుమంగళ ప్రాణం కుదుటపడేది.

మందులయ్యాయి, మొక్కులయ్యాయి. ఆమె ఎక్కని గుడి మెట్టు లేదు, కట్టించని తాయెత్తు లేదు. భర్త పరశురామ్ కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. "కరెంటుంది, వైరుంది, యాడ తెగిందో తెలుస్తలేదు సుమ్మీ" అనేవాడు డాక్టర్ల రిపోర్టులు ముందేసుకుని. చివరికి ముదగల్ నుంచి వచ్చిన ఒక గిరాకీ చెప్పాడు. కృష్ణ నడుమ పాదిరిగడ్డ అని ఒకటుందట. అక్కడి మరియమ్మ తల్లి పిల్లలకు పోయినదాన్ని తిరిగిస్తుందట. తల్లికి కులమేమిటి, మతమేమిటి అనుకుంది సుమంగళ. మర్నాడే ముగ్గురూ బస్సెక్కారు.

గడ్డ చూపించేది ఇన్నాసప్ప. మెడలో నల్లదారానికి శిలువ, తెల్లబడిన కనుబొమలు. తాతల నాటి నుంచి అక్కడ కొవ్వొత్తి వెలిగించేది వాళ్ల ఇంటివాళ్లే. ఏటి ఒడ్డున రాతి ఇంట్లో ఒక్కడే ఉంటాడు. తారు పూసిన గుండ్రటి పుట్టిలో వాళ్లను ఎక్కించుకుంటూ మేఘా పాదాల వంక చూశాడు.

"ఒక్క మాట తాయీ. గుడిలకు పోయేటప్పుడు పిల్ల చెప్పులు గడప బయట ఇడవొద్దు. మీయి ఇడిస్తే ఇడవండ్రి. పిల్లయి మాత్రం కాళ్లకే ఉండాలె."

"గదేందయ్యా! దేవుని కాడికి చెప్పులేస్కొని పోతరా?"

"ఈడ గట్లనే."

"ఎందుకు?" అన్నాడు పరశురామ్.

"గడ్డ మీద ఆ మాట చెప్పం. ఒడ్డుకొచ్చినంక చెప్త."

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. పరశురామ్ వదల్లేదు. నీళ్లు లోతా అన్నాడు, లోతే అన్నాడు ఇన్నాసప్ప. మొసళ్లున్నయా అన్నాడు, ఉన్నయి అన్నాడు. పైన డ్యాం గేట్లు ఎత్తితే ఎట్ల అన్నాడు. ఎత్తకముందే రావాలె అన్నాడు. ఆ తర్వాత పరశురామ్ రెండు చేతులా పుట్టి అంచు పట్టుకున్నాడు.

గడ్డ మీద నల్లరాళ్లు, సర్కారు తుమ్మ. ఆకాశం మబ్బు పట్టి పగలే మసక కమ్మింది. ఇన్నాసప్ప ముందు నడుస్తూ ఒక్కొక్కటే చూపించాడు. ఎక్కడి నుంచో వచ్చిన పాదిరి ఏళ్ల తరబడి మోకరించిన బండ అది. రెండు మోకాళ్ల గుంటల్లో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్లు వేలితో అద్ది మేఘా గొంతుకు రాశాడు. ఆ పక్కనే పాదిరి సమాధి, అక్షరాలు అరిగిపోయాయి. ఇంతసేపట్లో ఒక్క పిట్ట కూడా కూయలేదని సుమంగళకు అప్పుడు తోచింది. తడి నేల మీద మేఘా చెప్పులు మాత్రం కీచుమంటున్నాయి.

గుడి చాలా చిన్నది. తలుపు లేదు, నున్నగా అరిగిన గడప రాయి ఒకటుంది. లోపలి నుంచి మైనం వాసన, గబ్బిలాల కంపు, ఆ రెంటి అడుగున ఇంకేదో. అది ఏ వాసనో సుమంగళకు వెంటనే తెలిసింది. నూనె రాసి పాలు తాగించిన చంటిపిల్లల తల వాసన.

ఇన్నాసప్ప కొవ్వొత్తితో వంగి లోపలికి పోయాడు. పరశురామ్ వెంట వెళ్లాడు. మేఘా చెప్పులకు నల్లటి బురద అంటుకుని ఉంది. ఆ బురద కాళ్లతో తల్లి ముందుకా? ఇంత దూరం వచ్చింది ఒక్క మాట కోసం. ఆ తల్లికి కోపమొస్తే? ఇన్నాసప్ప చెప్పింది గుర్తు లేక కాదు. కాని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గడప కనబడితే చెప్పులు విడిచిన మనిషి ఆమె. వంగి, పిల్ల చెప్పులు తీసి, గడప పక్కన జతగా పెట్టింది.

లోపల చెక్క మరియమ్మ. ముఖం చెదలు తిన్నాయి. సుమంగళ కళ్లు మూసుకుని మొక్కుకుంది. నా పిల్ల గొంతు నాకియ్యి తల్లీ, ఇంకేమీ అడగను.

బయట... కీచు.

కళ్లు తెరిచింది. మేఘా పక్కనే ఉంది, కొంగు పట్టుకుని. వట్టి కాళ్లతో.

కీచు... కీచు...

బయటికి వచ్చి చూస్తే గడప పక్కన ఏమీ లేదు. బురదలో చిన్న చెప్పుల గుర్తులు మాత్రం తుమ్మల వైపు పోయి ఉన్నాయి.

ఇన్నాసప్ప చూపు మేఘా పాదాల మీద ఆగిపోయింది. "ఇడిస్తివా తాయీ?" అన్నాడు గుసగుసగా. కొవ్వొత్తి ఊది ఆర్పాడు. "ఎత్తుకో. కిందికి దించకు. నడువుండ్రి."

"ఒక్క నిమిషం, చెప్పులు ఎతుకుత..." అన్నాడు పరశురామ్.

"ఒద్దు!"

సుమంగళ కూతుర్ని చంకనేసుకుని రాళ్ల మీద పరుగెత్తింది. ఆ కంగారులో పిల్ల బరువే తెలియలేదు. ఏరు అప్పటికే ఎర్రబడి ఒడ్డు మీదికి ఎక్కుతోంది. పుట్టి కదిలాక గడ్డ అంచు వెంబడి ఏదో వాళ్లతో పాటు పరుగెత్తింది. కీచు కీచు కీచు... నీళ్ల దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏదో పిట్ట," అన్నాడు పరశురామ్. అతని గొంతు అతనికే నమ్మకంగా లేదు.

ఒడ్డు చేరేసరికి వాన. దారి మీద వాగు పారుతోందని, ఆటోలు రావని ఇన్నాసప్ప తన ఇంట్లోకే తీసుకుపోయాడు. దీపాల వేళ, కరెంటు లేదు. గడియ పెట్టి, బుడ్డి వెలిగించి, అప్పుడు చెప్పాడు.

"మా ముత్తాతల కాలంల గత్తరొచ్చిందంట. రోగం తగిలిన పిల్లల్ని గడ్డకు తెచ్చి పాదిరికి అప్పజెప్పి పోయేటోళ్లు. పిల్ల చెప్పులు గడప బయట పెట్టి పోయిండ్రంటే ఇగ ఇడిసిపెట్టినట్లే. బతికితే తొడుక్కొని ఒస్తదని పెట్టేటోళ్లు తాయీ. ఎవ్వరూ తొడుక్కొని రాలే."

"నేను ఇడిసిపెట్టలే!" అని అరిచింది సుమంగళ. "నా పిల్లను నేను తెచ్చుకుంటి. సూడు, నా ఒళ్లనే ఉంది!"

ఇన్నాసప్ప ఆమె ఒడిలో పిల్లను చూశాడు. బుడ్డి వత్తి పెంచి మళ్లీ చూశాడు.

వాన వెలిసింది. చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. ఆ చుక్కల నడుమ, ఏటి వైపు నుంచి...

కీచు.

తడిసిన చెప్పుల చప్పుడు. ఒక అడుగు. ఆగి, ఇంకో అడుగు. వాకిట్లోకి వచ్చింది. తలుపు ముందు నిలబడింది.

"అమ్మా..."

సుమంగళ పిల్లను చంకనేసుకుని దిగ్గున లేచింది. ఏడాదిగా ఏ గొంతు కోసం రాయికీ రప్పకూ మొక్కిందో, ఆ గొంతే. ఏ తల్లీ పొరబడదు.

"సుమ్మీ..." నాన్నను చూసి అట్లా పిలవడం నేర్చుకుంది మేఘా, మాట ఉన్న రోజుల్లో. "నన్ను ఆడనే ఇడిసి ఒచ్చినవేందే? నేనే ఒచ్చిన. చెప్పులు తొడుక్కొని ఒచ్చిన. తలుపు తియ్యే."

సుమంగళ గడియ మీద చెయ్యి వేసింది. పరశురామ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. తియ్యమనడానికో, వద్దనడానికో అతనికే తెలియదు. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"చెప్పు ఇన్నాసప్పా... తియ్యాల్నా, ఒద్దా?" అంది సుమంగళ.

"నాకు తెల్వదు తాయీ." జపమాల అతని వేళ్లలో చిక్కుపడింది. "మా నాయినకు గూడ తెల్వదు."

చంకలోని మేఘా తల ఎత్తింది. పెద్ద కళ్లతో తల్లిని చూసి వద్దు వద్దని తల ఊపింది. చిన్న అరచెయ్యి తెచ్చి తల్లి నోటి మీద నొక్కింది. వెచ్చగా ఉంది. బొటనవేలి కింద దోసెపెనం తగిలి కాలిన మచ్చ. అదీ తన పిల్ల చెయ్యే. ఇక సుమంగళ ఏం చేస్తుంది? ఎవరిని నమ్ముతుంది? తలుపుకు ఆనుకుని కూలబడింది.

"సలి పెడుతుందే... తియ్యే సుమ్మీ..."

చెక్కకు అటువైపు, సరిగ్గా ఆమె వీపు వెనక, ఏదో చిన్నది ఆనుకుని కూర్చుంది. వెక్కిళ్లు వినబడ్డాయి. చాలాసేపటికి అవి సన్నబడ్డాయి. తర్వాత లేచిన చప్పుడు. తర్వాత మెత్తని వట్టి కాళ్ల అడుగులు, ఏటి వైపు.

తెల్లవారి ఇన్నాసప్ప గడియ తీశాడు. గడప బయట గులాబీ చెప్పులు జతగా ఉన్నాయి, తడిసి, ఇసక నిండి. పరశురామ్ ముందు వాటిని కాలి వేలితో కదిపి చూసి, తర్వాత చేతికి తీసుకున్నాడు. దులిపి, రిపేరు సామాను చూసినట్లు తిప్పి చూసి, మడమ దగ్గర బొటనవేలితో నొక్కాడు.

కీచుమంది.

"బాగనే ఉన్నయి," అన్నాడు.

సుమంగళ వాటిని మేఘాకు తొడిగింది. సరిగ్గా పట్టాయి. మేఘా వాకిట్లోకి దిగి బస్సు దారి వైపు నడిచింది. ఒక అడుగు, ఇంకో అడుగు, ఇంకా నాలుగు. చెప్పులు కీచుమనలేదు. తడి ఇసక మీద వాటి గుర్తు కూడా పడలేదు.

కొంచెం దూరం పోయాక మేఘా వెనక్కి తిరిగి, పట్టుకోమన్నట్లు తల్లి వైపు చెయ్యి చాపింది. సుమంగళ ఒకసారి ఏటి వైపు చూసింది. తర్వాత వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.