ఊపిరితో ఆగే రైలు

బండి ఇంకా కదులుతూనే ఉంది. నీటి అడుగున నడుస్తున్నట్టు, పొగమంచును రెండు పాయలుగా తీసుకుంటూ మెల్లమెల్లగా వస్తోంది. ఇంజను అద్దం వెనక కూర్చున్న పైడిరాజుకి పట్టాల పక్క గడ్డిపరకల మీద నిలిచిన మంచుబొట్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. వంపు తిరిగితే తాటితోపు. తాటితోపు దాటాక, నెత్తిన తేగల మోపుతో పట్టాల మధ్య ఒక మనిషి.

"ఊపిరి వదలండి పైడిరాజు గారూ," ఎక్కడో చాలా దూరం నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "తొందరేం లేదు. ఉన్నదంతా వదిలేయండి."

అతను వదిలాడు. బండి ఇంకొంచెం నెమ్మదించింది. ఆ మనిషి ఒక చెయ్యి పైకెత్తుతున్నాడు. వేళ్ళు విచ్చుకుంటున్నాయి. అంతలో పైడిరాజు గుండె దడదడలాడింది. ఊపిరి తెగింది. బండి ఒక్క ఉదుటున తన పాత వేగాన్ని అందుకుంది.

కళ్ళు తెరిచేసరికి తెల్లటి గది, కిటికీ నిండా భీమిలి సముద్రం, చెమటకి తడిసిన తలగడ. డాక్టర్ హేమనళిని అతని తల చుట్టూ ఉన్న చుట్టని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టింది. నిన్న మోపు కనబడగానే లేచిపోయారని, ఇవాళ చెయ్యి దాకా చూడగలిగారని, అది తక్కువ సంగతేం కాదని చెప్పింది.

అప్పటికి రైళ్ళు తమను తామే నడుపుకోవడం నేర్చుకుని కొన్నేళ్ళయింది. ఎక్కడ వేగం పెంచాలో, ఎక్కడ తగ్గించాలో, ఎప్పుడు బ్రేకు వెయ్యాలో అన్నీ కంప్యూటరే చూసుకునేది. అయినా ప్రతి ఇంజనులో ఒక మనిషి ఉండాలని, అతను దారి మీంచి చూపు తిప్పకూడదని నిబంధన ఉండేది. యంత్రానికి తట్టనిది మనిషి కంటికి తడుతుందని నమ్మకం. పైడిరాజు విజయనగరం వైపువాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. చూడ్డమే తన ఉద్యోగమని నవ్వుతూ చెప్పుకునేవాడు.

ఆ పుష్యమాసపు ఉదయం, తుని దాటాక, మంచులోంచి మనిషి కనబడిన క్షణంలోనే కంప్యూటర్ బ్రేకు వేసింది. పైడిరాజు చెయ్యి మీట దాకా వెళ్ళేసరికి అది అప్పటికే పడి ఉంది. కాని బొగ్గు నిండిన గూడ్సు బండి అంత దగ్గర్లో ఆగదు. ఎవరిదీ తప్పు లేదని విచారణలో తేలింది. అంతా యంత్రమే చేసింది కాబట్టి, అతని వంతుకి చూడ్డం ఒక్కటే మిగిలింది. చూశాడు. ఆ తరవాత ఎక్కడ వంపు వచ్చినా అతని కళ్ళు వాటంతట అవే మూసుకుపోయేవి. చూడ్డమే ఉద్యోగమైనవాడు చూడలేకపోతే ఎలా? ఉద్యోగం సరే, ఇంట్లో మెట్ల మలుపు దగ్గర కూడా కళ్ళు మూసుకుని గోడ పట్టుకుని నిలబడిపోతుంటే, భార్య గౌరి అతన్ని వెంటబెట్టుకొచ్చి హేమనళిని నడిపే శిక్షణాలయంలో చేర్పించింది.

గుండ్రటి అడుగున్న కుండ ఉత్త నేల మీద నిలవదు. దొర్లిపోకుండా కింద గడ్డితో పేనిన చుట్ట ఒకటి పెడతారు. దాన్ని కుదురు అంటారు. హేమనళిని చేసిన యంత్రం కూడా అలాంటి చుట్టే, తలకి పెట్టుకునేది. అందుకే దానికి ఆ పేరే పెట్టింది. కుదురు లోపలి అంచున వెంట్రుక కంటే సన్నటి సెన్సర్లు ఉంటాయి. అవి మెదడులోని విద్యుత్ తరంగాలను వింటాయి. మనిషి నిద్రకీ మెలకువకీ మధ్యనున్న గట్టు మీదికి రాగానే, అతన్ని వదలకుండా వేధిస్తున్న జ్ఞాపకం ఒకటి పైకి తేలుతుంది. కుదురు దాన్ని పట్టుకుని, అది నడిచే వేగాన్ని ఊపిరికి ముడివేస్తుంది. ఊపిరి నిదానంగా వదిలితే జ్ఞాపకం నిదానిస్తుంది. బెదిరిపోయి ఊపిరి బిగబడితే పరుగెడుతుంది.

"జరిగినదాన్ని ఇది మార్చలేదు," అని మొదటిరోజే చెప్పింది హేమనళిని. "జరిగినదాని పక్కన కాసేపు కూర్చునే ఓపిక ఇస్తుంది. ఆ ఓపిక కూడా మీదే. మేం దాన్ని సాధన చేయిస్తాం, అంతే."

ఆ సాధన పైడిరాజుకి మొదట్లో పిల్లలాటలా అనిపించింది. తెల్లారగానే తడి ఇసకలో వట్టి కాళ్ళతో నడిపించేవారు, అరికాలు ఎక్కడ ఆనుతోందో గమనించుకుంటూ. ఒక్క వేరుశనగ గింజ నోట్లో వేసుకుని, అది పూర్తిగా కరిగేదాకా మరో ఆలోచన లేకుండా నమలమనేవారు. పిచ్చాసుపత్రిలో చేర్చావని గౌరికి ఫోన్ చేసి విసుక్కున్నాడు. ఇంట్లో ఎలాగూ అన్నం నమలకుండా మింగుతావు, కనీసం అదైనా నేర్చుకుని రమ్మంది ఆవిడ.

నేర్చుకున్నాడు. వారాలు గడిచేకొద్దీ అతని ఊపిరి సముద్రపు పోటులా నిడుపుగా, నెమ్మదిగా సాగడం మొదలుపెట్టింది. గట్టు మీది ఆ లోకంలో బండి నత్తలా పాకేది. మోపు, చెయ్యి, మొహం అన్నీ చూడగలిగాడు. మొహంలో భయం ఉంటుందనుకున్నాడు. కాని, పిలవకుండా చుట్టం వస్తే ఇంటివాళ్ళ మొహంలో కనిపించేలాంటి ఆశ్చర్యం ఉంది అందులో.

ఒకరోజు బండి ఎంత నెమ్మదించిందంటే, అతను తలుపు తీసి కిందికి దిగాడు. కంకర మీద మంచు చల్లగా తగిలింది. ఇంజను పక్కనే అడుగులు వేసుకుంటూ ఆ మనిషి దగ్గరకి వెళ్ళాడు.

"కంగారు పడకండి బాబూ," అన్నాడా మనిషి మెత్తగా. "బండి రావడానికి ఇంకా చాలా సేపు పడుతుంది. కూర్చోండి."

ఇద్దరూ పట్టా మీద కూర్చున్నారు. ఆ మనిషి మోపు దించి, ఒక తేగ తీసి నిలువునా చీల్చాడు. లోపల చందమామ అని పిలిచే తెల్లటి లేత మొలకని గోటితో తీసి పైడిరాజు చేతిలో పెట్టాడు. నోట్లో వేసుకుంటే తియ్యగా, మంచు రుచితో కరిగిపోయింది. వాళ్ళ వెనక బండి ఒక పెద్ద జంతువు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు నిలబడి ఉంది.

అది మొదలు పైడిరాజు రోజూ ఆ గంట కోసం ఎదురుచూసేవాడు. ఆ మనిషి తాటాకుల మీద వాన చప్పుడు గురించి చెప్పేవాడు. ఏ నేలలో పాతిన టెంక తొందరగా మొలకెత్తుతుందో చెప్పేవాడు. పైడిరాజు తన చిన్నప్పటి సంగతులు, గౌరికి కూడా చెప్పనివి, చెప్పుకునేవాడు. రాత్రులు హాయిగా నిద్రపట్టేది. మెట్ల మలుపులు ఇప్పుడతన్ని ఆపడం లేదు.

ఇదంతా విని హేమనళిని ముందు సంతోషించింది. ఆ మాటలు ఆ మనిషివి కావని, అతని పేరు తప్ప ఇంకేం తెలియని చోట మీ మనసే ఆ ఖాళీ నింపుకుంటోందని వివరించింది. పైడిరాజు తల ఊపాడు. అతనికీ ఆ మాట తెలుసు. తెలిసినా తేగ రుచి తగ్గలేదు.

ఇక మిగిలింది ఒక్క మెట్టు. బండిని వెళ్ళనివ్వాలి. కళ్ళు మూసుకోకుండా చివరిదాకా చూడాలి. అప్పుడే డ్యూటీకి పనికొస్తాడని ఆవిడ రాసివ్వగలదు. పైడిరాజు ఇవాళ వద్దన్నాడు. మర్నాడూ వద్దన్నాడు. ఇంకో నెల ఉంటానన్నాడు. చివరికి ఒకరోజు తల వంచుకుని, "బండి వెళ్తే ఆయన ఉండడు కదా మేడమ్," అన్నాడు.

బ్రేకు వెయ్యడం ఇంత బాగా నేర్పిన తను దాన్ని తియ్యడం నేర్పలేదని హేమనళినికి అప్పుడు తట్టింది. దానికి కుదురులో ఏ ఏర్పాటూ లేదు. కొన్నాళ్ళు ఆలోచించి, ఆయన ఇంటికి వెళ్దామా అని అడిగింది. వాళ్ళు రమ్మంటేనే, మీకు ఇష్టమైతేనే అంది.

చనిపోయినాయన పేరు నూకరాజు. భార్య వరహాలమ్మ తుని దగ్గరి పల్లెలో ఒంటరిగా ఉంటోంది. కబురు పంపితే, రావద్దని అనలేదు. వెళ్ళాక ఇద్దరికీ అరుగు మీద చాప పరిచి, తను గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. పైడిరాజు మొహంకేసి కాసేపు సూటిగా చూసింది. కళ్ళలో తడి లేదు. ఆయన పోయిననాటి నుంచీ ఒక్కసారీ ఏడవలేదని ఊరంతా తనని వింతగా చూస్తోందని తానే చెప్పింది.

"ఆయనకి నొప్పెట్టిందా బాబూ?" అని అడిగింది.

అంత వ్యవధి లేదని చెప్పాడు. భయపడ్డాడా అంటే, తను చూసిన ఆశ్చర్యం గురించి చెప్పాడు. అక్కడితో ఆపుదామనుకున్నాడు. కాని గొంతు ఆగలేదు. కుదురు గురించి, మంచులో కూర్చోవడం గురించి, చందమామ గురించి, ఆయన మెత్తటి మాటల గురించి అంతా చెప్పేశాడు. చెప్పాక, ఎంత తప్పు పని చేశానా అని భయమేసింది.

వరహాలమ్మ నవ్వింది. "మెత్తగా మాటాడేడా? మా ఆయనా?" అంది. "అన్నం పెట్టమని అడిగినా తిట్టినట్టే అడిగేవోడు బాబూ. ఆ పొద్దుట మంచు బాగా కురుస్తోంది, కాసేపాగి ఎల్లమన్నాను. మంచేమైనా నిన్నడిగి కురుస్తాదేటే అని ఇంతెత్తు లేచేడు. గంజి తాగకుండా ఎల్లిపోయేడు. అదే నాకు మిగిలింది."

తరవాత ఆవిడ కొంచెం ముందుకి జరిగి, ఆయన నీతో ఏటేటి అన్నాడో మళ్ళీ చెప్పమంది. అవి తన ఊహలేనని, అబద్ధం చెప్పలేనని అన్నాడు పైడిరాజు. అయినా చెప్పమంది. అతను చెప్పాడు. వాన చప్పుడు, టెంకలు, నేల. వింటూ వింటూ ఆవిడ కళ్ళు అరమూతలు పడ్డాయి. తల చుట్టూ ఏ చుట్టా లేకుండానే ఊపిరి నిడుపుగా సాగడం హేమనళిని గమనించింది. ఆ అరమూతల్లోంచి నీళ్ళు దిగాయి. ఆవిడ తుడుచుకోలేదు.

బదులుగా వరహాలమ్మ తన మొగుణ్ణి అతనికి ఇచ్చింది. సంతలో బేరమాడలేక బుట్టతో సహా విసిరికొట్టి వచ్చిన సంగతి, ఇంటి కప్పు మీద కాకితో పోట్లాట పెట్టుకున్న సంగతి. పైడిరాజు నవ్వాడు. ప్రమాదం జరిగాక అతను నోరు తెరిచి నవ్వడం అదే మొదలు.

తిరిగొచ్చాక మొదటిసారి కుదురు పెట్టుకున్నప్పుడు మంచు అలాగే ఉంది. బండి వెనక అలాగే నిలబడి ఉంది. ఆ మనిషి మాత్రం కూర్చోలేదు. మోపు నెత్తిన పెట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని ఉన్నాడు.

"ఏటా సూపు?" అన్నాడు గద్దిస్తూ. "ఎన్నాళ్ళని నిలబెడతావు బండిని? నాకింకేం పనిలేదనుకున్నావా? ఎల్లు."

పైడిరాజుకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంజనెక్కి తన చోట కూర్చున్నాడు. ఊపిరి మామూలుగా తీశాడు, మామూలుగా వదిలాడు. బండి కదిలింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాడు, చివరిదాకా. లేచాక చాలాసేపు ఏడ్చాడు. హేమనళిని పక్కన కూర్చుంది.

వేసవికల్లా అతను డ్యూటీలో చేరాడు. వంపుల దగ్గర చూపు నిలిచేది. దారి మీద ఏమాత్రం ఏమరుపాటుగా ఉన్నా చెవిలో ఎవరో గద్దించేవారు. ఇంకెప్పుడూ ఆయన మెత్తగా మాట్లాడలేదు.

హేమనళిని మాత్రం ఉండబట్టలేక, ఊరట దొరుకుతుందేమోనని వరహాలమ్మని భీమిలికి పిలిపించి కుదురు పెట్టి చూసింది. గట్టు మీదికి వెళ్ళిన కాసేపటికే ఆవిడ చుట్ట తీసి డాక్టరు చేతికిచ్చేసింది. అందులో ఆయన గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడట, అచ్చు ఆ పొద్దుట అరిచినట్టే. "ఇది నాకు తెలిసిందే కదమ్మా," అంది. "ఆ బాబు కాడ ఉన్నది కావాలి నాకు." అది ఇప్పుడతని దగ్గర కూడా లేదని చెప్పడానికి హేమనళినికి నోరు రాలేదు.

వానలు పట్టాక ఒక సెలవురోజున పైడిరాజు తుని వెళ్ళాడు. వరహాలమ్మ అరుగు మీద పక్కింటి కొండమ్మతో కూర్చుని ఉంది. ఆవిడ మనిషి తేరుకుంది, మొహం తేటగా ఉంది. అతనికి చాప వేసి, ఆపిన మాట అందుకుంది. తేగలు తవ్వేటప్పుడు నేలకి దెబ్బ తగుల్తుందేమోనని మా ఆయన గునపం మెల్లగా దించేవోడు, నేలతో కూడా మెత్తగానే మాటాడేవోడు అని చెబుతోంది. అది పైడిరాజు ఏనాడూ చెప్పిన సంగతి కాదు. అతని కలలోనూ లేదు.

ఏళ్ళ తరబడి ఒకే గోడకి అవతల కాపురముంటూ ఆయన కేకలన్నీ విన్న కొండమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, పైడిరాజు వైపు తిరిగింది.

"నీకు తెలుసా బాబూ, ఆయన మాట?" అని అడిగింది.

వరహాలమ్మ అతనికేసే చూస్తోంది. నూకరాజు గొంతు ఒక్కసారి కూడా చెవిన పడని పైడిరాజు, ఊపిరి ఒకసారి నిదానంగా తీసుకుని వదిలాడు.

"తెలుసమ్మా," అన్నాడు. "చాలా మెత్తటి మాట."