మామ పేరున పిడికెడు

ఆ ఆదివారం పొద్దున కూడా అనసూయమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి రేకు డబ్బాలో వేసింది. వండిన ప్రతిపూటా అలా దేవుడి వంతు తీయడం, డబ్బా నిండగానే ప్రార్థన మందిరంలో ఇవ్వడం వాళ్ల సంఘంలో ఆడవాళ్ల అలవాటు. కోడలు భాగ్యలక్ష్మిని మాత్రం ఆ డబ్బా ముట్టనిచ్చేది కాదు. రెంజల్ నుంచి వచ్చిన ఆ పిల్ల ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు, నుదుట బొట్టు తీయలేదు. మందిరానికి వచ్చినా వెనక వరసలో మూగదానిలా కూర్చుంటుంది.

"అత్తమ్మా, మామకు షుగర్ సూది ఇయ్యలే. కాలి పుండు సూడుండ్రి, నల్లగైతున్నది."

"భూమేష్ తమ్ముడు ప్రార్థన చేసిండు గద. మందులు పక్కకు వెట్టి నమ్మకంతోని ఉండుమన్నడు."

"నమ్మకం ఉంచుండ్రి, సూది గూడ ఇయ్యుండ్రి. రెండిటికీ ఏం కొట్లాట?"

"దేవుని సంగతి నాకు నువ్వు జెప్తవా? నీ నోట ఒక్కసారన్న ఆమెన్ విన్ననా?"

మంచంలో ఉన్న లింబయ్య, "కొట్లాడకుండ్రి" అన్నాడు. ఆ గొంతులో సత్తువ లేదు.

భూమేష్ సంఘపెద్ద. ప్రార్థన మొదలుపెడితే ఆయన కళ్ల వెంట ధారలే. అంతగా ఏడ్చే మనిషి అబద్ధం చెబుతాడా అన్నది అనసూయమ్మ నమ్మకం. మనిషి మంచితనాన్ని కన్నీళ్లతో కొలిచింది, పిచ్చిది.

రెండు రోజులకే లింబయ్యకు జ్వరం అంటుకుంది. కొడుకు వేణు తన ఆటోలోనే నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. మోకాలి దాకా కాలు తీసేసినా, విషం అప్పటికే ఒళ్లంతా పాకిందన్నారు. అనసూయమ్మ ఆ వరండాలోనే ఉండిపోయింది. కోడలు బోధన్‌లోని ఇంటి నుంచి రోజూ బస్సులో అన్నం తెచ్చేది, మామ ఒళ్లు తుడిచేది, మలమూత్రాలు ఎత్తిపోసేది. నేను ముందే చెప్పలేదా అని ఒక్కసారి కూడా అనలేదు. భూమేష్ మాత్రం ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. చివరికి లింబయ్య శవమై ఇంటికి వచ్చాడు.

సమాధి చేసిన మర్నాడు భూమేష్ వచ్చాడు. గడపలోనే ఏడుపు అందుకున్నాడు.

"అక్కా, నీ విశ్వాసం జెర తక్కువపడ్డది. దవాఖానకు తోల్కపోకుంటె బతుకుతుండె."

వేణు విసురుగా లేచాడు. అనసూయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నా విశ్వాసం తక్కువ గాలే తమ్ముడూ. దేవుని మీద ఉంచేది తీస్కపోయి నీ మీద వెట్టిన. గదే నా తప్పు. ఆయన కాలు కుళ్లుతుంటే ఒక్కనాడన్న కట్టు ఇప్పి సూసినవా? ఫోనన్న ఎత్తినవా?"

"అక్కా, సంఘపెద్దను పట్టుకోని గట్ల..."

"పో తమ్ముడూ. నీ కండ్లనీళ్లు ఇంకో ఇంట్ల కార్చకు."

భూమేష్ తలదించుకుని వెళ్లిపోయాడు. అనసూయమ్మ వంటింట్లోకి వచ్చి రేకు డబ్బా మూత తీసింది. ఆసుపత్రికి పోయేనాటికి అడుగున పలచగా ఉన్న బియ్యంలో ఇప్పుడు చెయ్యి పెడితే మణికట్టు దాకా మునిగింది.

"ఎవరు పోసిండ్రు బిడ్డా?"

భాగ్యలక్ష్మి గోడకు ఒదిగి నిలబడింది. "కోపం జెయ్యకుండ్రి అత్తమ్మా. ముట్టద్దన్నరు గని, మీరు లేకుంటె దేవుని వంతు తప్పిపోతదని భయమైంది. నాకు ప్రార్థన రాదు. వండినప్పుడల్ల మామ పేరు తల్సుకోని పిడికెడు తీసిన."

అనసూయమ్మ డబ్బా ముందే కూలబడింది. లోపలినుంచి తన్నుకొచ్చిన ఏడుపు ఎవరూ ఆపగలిగేది కాదు.

"నేను సూది ఆపిన. నువ్వు పిడికెడు ఆపలే బిడ్డా."

కోడలు పక్కన కూర్చుని ఆమె తలను భుజానికి ఆనించుకుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

"ఆదివారం గీ డబ్బా నువ్వే పట్టుకోని రా. ముంగటి వరసల నా పక్కన కూసో."

"బొట్టున్నది గద అత్తమ్మా?"

"ఉండనియ్."

పొద్దెక్కింది, వేణు పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. అనసూయమ్మ కళ్లు తుడుచుకుని బియ్యం కొలిచింది. అలవాటు కొద్దీ లింబయ్యకు కూడా కలిపి కొలిచేసింది. ఎక్కువైన బియ్యాన్ని పిడికిట్లోకి తీసుకుని, ఏం చేయాలో తోచక అలాగే నిలబడిపోయింది.

భాగ్యలక్ష్మి డబ్బాను ఆమె ముందుకు జరిపింది.