వాల్ట్జ్‌కి అర్థం తెలిసినవాడు

ఫైలులో ఒకటే కాగితం, దానిమీద ఒకటే మాట. వాల్ట్జ్.

“జంటలుగా చేసే డాన్సు,” అన్నాడు చీఫ్. “జర్మన్ మాట నుంచి వచ్చింది. తిరగడం, దొర్లడం అని అర్థం. రేపు మధ్యాహ్నం డాన్సు స్కూల్లో టీచరు ఆ అర్థం అడుగుతుంది. చెప్పగలిగినవాడే శత్రువుల కొరియర్. వాడి దగ్గర మన ఏజెంట్ల లిస్టు ఉంటుంది. పదకొండు పేర్లు.”

ఆ పదకొండులో ఒకటి తన తమ్ముడిదని ఎదుట కూర్చున్న ఏజెంటు సూదికి తెలుసు. చీఫ్‌కీ తెలుసు.

“టీచరు మన మనిషేనా?”

“మన దగ్గరా జీతం తీసుకుంటుంది, వాళ్ల దగ్గరా తీసుకుంటుంది. నమ్మొద్దమ్మా.”

డిపార్టుమెంటులో ఆమె పేరు సూది. బయట అందరికీ టైలరమ్మ. మర్నాడు మెడలో కొలతల టేపు, దాని డబ్బాలో కెమెరా, జాకెట్టుకి వరసగా గుండుసూదులు. వాటిలో ఎర్రతల సూదికి మత్తుమందు. గౌన్ల అంచులు ఊడితే కుట్టడానికి వచ్చానని చెప్పి హాల్లో ఓ మూల స్టూలు మీద కూర్చుంది.

కూర్చోగానే ముందు షట్టరు దిగింది. నీలం గౌనులో మెరిసిపోతున్న టీచరు తాళం వేసి, తాళంచెవిని తన ముడిలో దోపుకుంది. రికార్డు అయ్యాకే వెనక తలుపు తెరుస్తారని, అందాకా ఎవరూ బయటికి పోకూడదని చెప్పింది. అంతటితో ఆగలేదు. వాల్ట్జ్ పుట్టుక ఎత్తుకుంది. పూర్వం పెద్దింటివాళ్లు మర్యాదగా ఎడం పాటిస్తూ ఆడేవాళ్లట. పల్లెజనం ఒకరినొకరు పట్టుకుని గిరగిరా తిరగడం చూసి ముక్కున వేలేసుకున్నారట. మాటకి అర్థం కూడా తిరగడమేనట. తర్వాత అడిగితే ఆడడానికి వచ్చిన ఆరుగురు మగవాళ్లూ అదే అప్పజెప్పారు.

సూదికి ఉన్న ఒక్క ఆధారమూ గాలికి పోయింది. టీచరు కావాలని చేసిందా, నోరు ఊరుకోక చేసిందా? కిటికీలకి ఇనుప చువ్వలు. వెనక తలుపు అవతల ఇంజను ఆపని కారు. రికార్డు నాలుగు నిమిషాలు. మత్తుసూది ఒక్కటి, కోటు వేసుకున్న మగవాళ్లు ఆరుగురు.

సంగీతం మొదలైంది. జంటలు తమలో తాము తిరుగుతూ, హాలు చుట్టూ కూడా సాగుతున్నాయి. “గానుగెద్దులా ముందుకి పోవాలి, తిరగలిలా ఉన్నచోటే తిరక్కూడదు,” అని టీచరు అందరినీ కసురుతోంది.

రెండు నిమిషాలు. మూడు. హాల్లో ట్రాఫిక్ జామ్ అయింది.

కారణం టీచరుతో ఆడుతున్న కళ్లజోడాయన. ప్రొఫెసర్నని చెప్పుకున్నాడు. నిటారుగా, తాళం తప్పకుండా, ఉన్నచోటే తిరుగుతున్నాడు. మిగతావాళ్లు నెలల తరబడి ఈ నేల మీద నేర్చుకున్నవాళ్లు. ఈయన అర్థం చదువుకుని వచ్చాడు. తిరగడం అని ఉంది, తిరుగుతున్నాడు. అందరినీ కసిరే టీచరు ఈయన్ని మాత్రం ఒక్క మాట అనడం లేదు.

వెనక జంట వచ్చి గుద్దుకుంది. ప్రొఫెసర్ బూటు కింద నీలం గౌను అంచు పర్రున చిరిగింది. సూది ఒక్క అంగలో వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది.

“కదలకండి సార్, ఇంకా చిరుగుతుంది.”

పొడుగు కోటు కళ్లకి ఎదురుగా ఉంది. లైనింగంతా మిషను కుట్టు, ఒక్క జానెడు మాత్రం చేతికుట్టు. కంచె కట్టినట్టు వంకర టింకర. టైలరమ్మ రెండుపేటల దారం ఎక్కించి, గౌను అంచునీ కోటు అంచునీ కలిపి పన్నెండు కుట్లు వేసింది.

టీచరు కిందికి చూసింది. కళ్లు కలిశాయి. ఆమె ఒక్క మాటంటే ఇద్దరు అక్కాతమ్ముళ్ల కథ అక్కడితో సరి.

“ఒకటి, రెండు, మూడు,” అంటూ టీచరు తల తిప్పుకుంది.

రికార్డు ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్ పరుగందుకున్నాడు. ఆరు గజాల సిల్కు, దానిలో ఉన్న బరువైన మనిషీ ఆయన్ని వెనక్కి లాగారు. గుమ్మంలో బోర్లా పడ్డాడు. ఎర్రతల సూది పిక్కలో దిగింది. కారు ఎవరికోసమూ ఆగకుండా పోయింది.

లైనింగు విప్పి లిస్టు ఉన్న ఫిల్ము తీసుకున్నాక సూది అడిగింది. “ఎవరి జీతానికి చేశారు మేడమ్?”

“జీతానికి కాదు. వాడు తొక్కి చింపిన గౌను నా సొంతం,” అంటూ టీచరు తాళంచెవి చేతిలో పెట్టింది.

వారం తర్వాత తమ్ముడి ఉత్తరం వచ్చింది. క్షేమమే. నువ్వు పంపిన కోటుకి అప్పుడే రెండు బొత్తాలు ఊడాయక్కా, నీ కుట్టు ఎప్పుడూ ఇంతే, అని రాశాడు.