వంకర జెండా కర్ర

టోవె పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర కాఫీతో కూర్చుంది. ఎదురుగా తోటలో జెండా కర్ర మధ్యలో వంగి కనిపించింది. ఆ రోజు ఆమె పుట్టినరోజు. వాళ్ల ఊరు తీస్టెడ్‌లో ఏ ఇంట్లో పుట్టినరోజైనా పొద్దున్నే జెండా ఎగరాలి. “ఈ వంకర కర్రకి జెండా ఒకటా!” అనుకుని లేవనేలేదు.

ఆ కర్ర పాతింది అల్లుడు యెస్పర్, వడ్రంగి. వసంతంలో మనవరాలి విందుకి చుట్టాలంతా వచ్చినప్పుడు, “కర్ర నిలువుగా పాతలేనివాడు ఇళ్లెలా కడతాడో!” అని అందరి ముందూ అనేసింది. యెస్పర్ తల దించుకుని వెళ్లిపోయాడు. తర్వాత కూతురు లిస్బెత్ కూడా రావడం మానేసింది. తనే ఫోన్ చెయ్యచ్చు కదా అంటే, టోవెకి అభిమానం అడ్డొచ్చింది. భర్త పోయాక ఇల్లు ఎలాగూ బోసిపోయింది. ఇప్పుడు రేడియోలో వాతావరణం చెప్పేవాడికి జవాబు చెప్పే అలవాటు పడింది. ఒంటరితనం మనిషిని ఎంతకి దిగజారుస్తుందో!

తలుపు ధడాల్న తెరుచుకుంది. లిస్బెత్, వెనకాలే యెస్పర్.

“రోడ్డు మీంచి జెండా కనబడకపోయేసరికి నీకేమైందోనని హడలిపోయాం! ఏంటమ్మా ఈ పంతం?”

“నాదా పంతం? మీ ఆయన పనితనం చూసి సిగ్గేసి ఎగరెయ్యలేదు.”

యెస్పర్ మొహం ఎర్రబడింది. గబగబా తోటలోకి వెళ్లి స్టూలెక్కి, దారానికి ఇనుప గుండు కట్టి, కిటికీలోంచి కనిపించేలా కర్ర పక్కన వేలాడదీశాడు.

“ఇప్పుడు చెప్పండత్తయ్యా! ఎక్కడ వంగింది?”

“కర్రే కాదయ్యా, నీ దారం కూడా వంకరే!”

గుండు కట్టిన దారం వంకరగా వేలాడదని టోవెకీ తెలుసు.

“అమ్మా, ఒక్కో కన్నూ మూసుకుని చూడు.” లిస్బెత్ తల్లి పక్కకొచ్చి నిలబడింది.

కుడికన్ను మూసింది. దారం నిటారుగా ఉంది, కర్ర కూడా. ఎడమకన్ను మూసి చూస్తే కూతురి ముఖం మధ్యలో మసక మచ్చ.

“షుగరున్నదానివి, కళ్లు చూపించుకుంటూ ఉండాలి కదమ్మా! వెళ్లలేదా?”

“పరీక్షకి కంట్లో చుక్కలు వేశాక కారు నడపకూడదంటారే. ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. మీరేమో పనుల్లో ఉంటారు. ఆ గొడవయ్యాక ఏ మొహం పెట్టుకుని పిలవను?”

లిస్బెత్ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

ఆ వారమే కంటి డాక్టరమ్మ చూసింది. షుగరు వల్ల కంటి వెనక సన్నటి రక్తనాళాలు దెబ్బతిని, నీరు కారి, రెటీనా నడిమధ్య వాచిందట. మొదట్లో నెలనెలా కంట్లోకే ఇంజెక్షన్ చెయ్యాలంది.

“వాపు తగ్గొచ్చు. చూపంతా తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను. షుగరు అదుపులో ఉంచుకోండి,” అంది.

సూది అనగానే టోవె బిగుసుకుపోయింది. మొద్దుబార్చే చుక్కలు వేసి సూది గుచ్చితే, ఎవరో కన్ను నొక్కినట్టనిపించింది, అంతే. బయట జనంతో నిండిన హాల్లోకి వస్తే యెస్పర్ ఆమె కోటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నలుగురిలో నీ పరువు తీశానయ్యా. తప్పు నాది.”

“కోపమొచ్చిన మాట నిజమేనత్తయ్యా. కానీ ఇన్నాళ్లు మీ గుమ్మం తొక్కకపోవడం నా తప్పు.”

టోవె జన్మలో ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు.

“వచ్చే నెల కూడా... నువ్వు తీసుకొస్తావా?”

“మీరు వద్దన్నా వస్తాను.”

ఆమె అతని చెయ్యి పట్టుకుని, అంతమంది జనంలో, రెండు కళ్లతోనూ ఏడ్చింది.