పక్కకు జరిగిన ఎరుపు

తంపెరే పట్నంలోని ఆ ఇంట్లో తెల్లారినప్పటి నుంచీ తాయిస్తో అనే రిటైరైన అచ్చు పనివాడు కాలుగాలిన పిల్లిలా వంటింట్లో తిరుగుతూనే ఉన్నాడు. కప్పులో పోసిన కాఫీ పోసినట్టే ఉంది. కూతురు హెల్యా బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని ఒక పాటల రికార్డు అట్టకు చివరి మెరుగులు దిద్దుతోంది. ఆ అట్ట యాభై ఏళ్ల కిందటి దానిలా కనిపించాలన్నాడు టాంగో గాయకుడు ఓస్మో. అందుకే ఆమె బొమ్మలోని అమ్మాయి పెదవుల ఎరుపునీ, గౌను ఎరుపునీ కావాలనే గీత దాటించింది. పాత అచ్చుల్లో అలా జరుగుతుండేది మరి. మధ్యాహ్నానికల్లా బొమ్మ ప్రెస్సుకు వెళ్లాలి. ఏడాది ఖాళీగా కూర్చున్నాక దొరికిన మొదటి పెద్ద పని ఇది.

ఇంతలో ఫోన్ మోగింది. ఓస్మో మాటలు వింటూ వింటూ హెల్యా ముఖం పాలిపోయింది.

"నాన్నా, ఓస్మోకి ఫోన్ చేశావా?"

"చేశాను. నమూనా కాగితం మీద నంబరుందిగా. రంగు జరిగింది, క్షమించండి, మా అమ్మాయి సరిచేస్తుంది అన్నాను. తప్పా?"

"అది కావాలని చేసింది నాన్నా! 'నలభై ఏళ్లు అచ్చు వేసిన మీ నాన్నే పాడైందంటుంటే నేనెలా ఒప్పుకుంటాను, పని వేరేవాళ్లకిస్తాను' అంటున్నాడు ఆయన. నోటికాడి కూడు లాగేశావు!"

"వెంట్రుకవాసి తేడా రాకుండా రంగులు కలపడానికే నా కళ్లు పోగొట్టుకున్నాను. నువ్వేమో తప్పుకి ముస్తాబు చేసి అమ్ముతానంటావు. నన్ను వెక్కిరించడానికా?"

"వెక్కిరింతా? ఆగు."

హెల్యా విసురుగా లోపలికెళ్లి ఒక పాత రికార్డు తెచ్చి బల్ల మీద పెట్టింది. అట్ట మీద పాడుతున్న అమ్మాయి పెదవుల ఎరుపు చెంప మీదికి జరిగి ఉంది.

"దీన్ని చూసే నేర్చుకున్నాను. చిన్నప్పుడు అటక మీద దొరికింది."

తాయిస్తో కుర్చీలో కూలబడ్డాడు. రొట్టెకు వెన్న రాస్తున్న హెల్యా తల్లి ఇర్యా చెయ్యి ఆగిపోయింది.

"ఎంత పని చేశావే! అది మీ నాన్న చేతిలో పాడైన అచ్చు. మూడు వేల అట్టలు చెత్తలో పోశారు. అందరి ముందూ ఆయన్ని మిషను మీంచి దింపి, రెండేళ్లు కాగితం కట్టలు మోయించారు. ఈ ఒక్కటీ ఎందుకు దాచుకున్నాడో నాకే చెప్పలేదు."

హెల్యా కోపం ఎక్కడికి పోయిందో పోయింది. కుర్చీ లాక్కుని తండ్రి పక్కన కూర్చుంది.

"నాకు తెలీదు నాన్నా. ఆ పిల్ల పాడుతూ పాడుతూ బొమ్మలోంచి బయటికి వచ్చేస్తోందనుకునేదాన్ని. తలగడ పక్కన పెట్టుకుని పడుకునేదాన్ని. బొమ్మలు వెయ్యాలని బుద్ధి పుట్టిందే దాన్ని చూసి."

తాయిస్తో కళ్లజోడు తగిలించుకుని తెర మీదికి వంగాడు.

"ఇది దొంగ అచ్చు. పెదవులు ఎడమకీ, గౌను కుడికీ జరుగుతాయా ఎక్కడైనా? ఎరుపు వేసే అచ్చు రేకు కదిలితే ఆ రంగంతా ఒకే వైపు పోతుంది. తప్పైనా సరిగ్గా చెయ్యొద్దటే?"

"వచ్చాడండీ మేస్త్రీ!" అని ఇర్యా కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

ఆయన చెప్పినకొద్దీ హెల్యా ఎరుపును జరిపింది. ఇంకాస్త, ఇంకాస్త అంటూ చివరికి చాలన్నాడు. ఆ బొమ్మను ఓస్మోకు పంపించి, తనే ఫోన్ అందుకున్నాడు.

"ఓస్మో గారూ, పొరపాటు నాది. మా అమ్మాయి పనిలో లోపం లేదు. నేనూ ఒకప్పుడు ఇలాంటిదే వేశాను." బల్ల మీది పాత అట్టను దగ్గరికి లాక్కున్నాడు. "చాలా బాగుండేదండీ అది."

అవతల ఓస్మో సరే సరే, ఇదే ప్రెస్సుకు పంపండి అంటున్నాడు. ఆ అట్టను బాగుందని తాయిస్తో అనడం యాభై ఏళ్లలో అదే మొదటిసారి. ఫోన్ పెట్టేసి ఆయన చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే, హెల్యా తండ్రి తలను గుండెకు హత్తుకుంది.